1930 మోడల్ ఏ కూపేతో ఇంటి గ్యారేజీలో హాట్ రాడ్: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రిస్కో_కృష్ణాతీరం (టెక్సాస్)

సభ్యులందరికీ నమస్కారం. ఓక్లహోమాలో ఒక పాత పశువుల కొట్టంలో చాలా ఏళ్లుగా పడి ఉన్న 1930 ఫోర్డు మోడల్ ఏ కూపే అమ్మకానికి వచ్చింది. ఇంజనూ గేర్‌బాక్సూ ఎవరో ఎప్పుడో విప్పి తీసుకుపోయారు. ముందు మడ్‌గార్డులు లేవు, సీటు లేదు, అద్దాలన్నీ పగిలిపోయాయి. బాడీ, ఫ్రేము, రెండు యాక్సిళ్లు, రెండు తలుపులు మాత్రం ఉన్నాయి. తలుపుల కింది అంచులనూ డిక్కీ నేలనూ తుప్పు తినేసింది గానీ, నడుము పైభాగంలో రేకు ఇంకా గట్టిగానే ఉంది.

దీన్ని నా ఇంటి గ్యారేజీలోనే హాట్ రాడ్‌గా, అంటే అనవసరపు బరువు విప్పేసి బలమైన ఇంజన్ పెట్టిన వేగపు కారుగా, కట్టుకోవాలని చాలాకాలంగా ఉన్న కోరిక. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం తరగతులకు వెళ్లి వెల్డింగ్ నేర్చుకున్నాను. ఇంజన్లు విప్పి బిగించడం విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన పని. ముందు మంచి ఇంజన్ కొని పెట్టుకుంటే మిగతాదంతా దాని చుట్టూ అమరుతుందని ఇక్కడి మిత్రులు కొందరు అంటున్నారు. పాత ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో, వాల్వులు దిమ్మలోనే ఉండే ఇంజన్) పెట్టాలా, షెవర్లే 350 ఘనపుటంగుళాల వీ8 పెట్టాలా అన్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. అసలు తొంభై ఏళ్లు దాటిన కారును కోసి మార్చడం సబబేనా అన్న సందేహం కూడా ఉంది. అనుభవం ఉన్న పెద్దలు దారి చూపితే సంతోషిస్తాను.


ఒహాయో_పాతకారు (ఒహాయో)

తమ్ముడూ, ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం. డబ్బు చేతులు మారకముందు కాగితాలు చూడండి. మోడల్ ఏ కార్లకు ఫ్యాక్టరీలో ఇంజన్ మీద ఒక నంబరు కొట్టి, అదే నంబరును ఫ్రేము మీద కూడా కొట్టేవారు. చాలా రాష్ట్రాల్లో యాజమాన్య పత్రం మీద కారు నంబరుగా రాసింది ఆ ఇంజన్ నంబరునే. ఇన్నేళ్లలో ఇంజన్లు చేతులు మారి, పత్రం మీది నంబరు ఒకటి, కారులో ఉన్న ఇంజన్ నంబరు మరొకటి అయిన సందర్భాలు కోకొల్లలు. మీరు చూసిన కారులో ఇంజనే లేదు కాబట్టి, ఇక ఆధారమంటూ ఉంటే ఫ్రేము మీది నంబరే.

ఆ నంబరు ఫ్రేము ఎడమవైపు పొడవాటి దూలం, అంటే రైలు, పై అంచున ఉంటుంది. డాష్‌బోర్డు ముందుభాగం, అంటే కౌల్, దాన్ని కప్పేసి ఉంటుంది కాబట్టి బాడీ బోల్టులు వదులు చేసి ఆ వైపు కొంచెం ఎత్తితే తప్ప కనబడదు. మొదట ఏ అనే అక్షరం, తర్వాత అంకెలు, రెండు చివర్లా చిన్న నక్షత్రపు గుర్తులు ఉంటాయి. అమ్మే ఆయన ఒప్పుకుంటే తుప్పు వదిలించే నూనె ముందురోజే పోసి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దండి. అక్కడ గ్రైండరు మాత్రం పెట్టకండి. నంబరు అరిగిపోతే ఆ కారు ఎవరిదని రుజువు చేసుకోవడం చాలా కష్టమవుతుంది. ఎవరో కావాలని చెరిపారని అధికారులకు అనుమానం వస్తే, మీ తప్పేమీ లేకపోయినా కారు వారి స్వాధీనంలోకి పోతుంది. కాగితం మీది నంబరూ ఫ్రేము మీది నంబరూ అంకెకు అంకె సరిపోతేనే బేరం మాట్లాడండి.

కోయడం సబబా అని అడిగారు. 1927 చివరి నుంచి 1931 దాకా ఫోర్డు కంపెనీ తయారుచేసిన మోడల్ ఏ బళ్లు 48 లక్షలకు పైగా ఉన్నాయి. పూర్తిగా ఉన్నవి, నడుస్తున్నవి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే మిగిలినవి ఈ దేశంలో ఇంకా చాలానే ఉన్నాయి. అలాంటి దాన్ని కోస్తానంటే నేను గట్టిగా వద్దంటాను. అన్ని భాగాలూ ఉన్న కారును యథాస్థితికి తేవడం ఒక పని, మిగిలిన డొక్కుకు మళ్లీ ప్రాణం పోయడం ఇంకో పని. మీ కూపే రెండో కోవలోది. ఇంజన్, గేర్‌బాక్సు, మడ్‌గార్డులు, సీటు అన్నీ సంపాదించి అసలు రూపానికి తెచ్చే సరికి అంతకంటే మంచి నడిచే కారునే కొనుక్కోవచ్చు. నిస్సంకోచంగా హాట్ రాడ్ కట్టండి. విప్పిన అసలు భాగాల్లో పనికొచ్చేవి పారేయకుండా, యథాస్థితికి తెచ్చుకునేవారికి అమ్మేయండి లేదా ఇచ్చేయండి. వారికి అవి దొరకడం నానాటికీ కష్టమవుతోంది.


శాక్రమెంటో_వెల్డర్ (కాలిఫోర్నియా)

ఒహాయో గారు చెప్పిన కాగితాల విషయానికి మా రాష్ట్రం నుంచి ఒక మాట కలుపుతాను. ఇక్కడ 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు. అంటే 1930 అని రాసి ఉన్న అసలు పత్రం చేతిలో ఉంటే ఆ బాధే ఉండదు. అదే పత్రం లేని ఫ్రేము మీద కొత్త బాడీ పెట్టి కట్టుకుంటే దాన్ని ప్రత్యేకంగా నిర్మించిన వాహనంగా నమోదు చేయించాలి. బాడీ ఏ సంవత్సరపు కారును పోలి ఉందో చూసి, లేదా ఇంజన్ ఏ సంవత్సరానిదో చూసి, ఆ కాలపు పొగ నిబంధనలు వర్తింపజేసే సదుపాయం ఏటా 500 బళ్లకే దొరుకుతుంది. టెక్సాస్ పద్ధతి వేరు. అయినా పాత పత్రానికి ఉన్న విలువ ఎక్కడైనా ఒకటే.

కోయడం గురించి ఇంకొక్క మాట. ఈ సంప్రదాయం పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలోని ఎండిన సరస్సుల మీద. మ్యూరాక్, ఎల్ మిరాజ్ మైదానాల్లో కుర్రాళ్లు పాత ఫోర్డులను తీసుకుపోయి, మడ్‌గార్డులూ అనవసరపు బరువూ విప్పేసి పందేలు వేసుకునేవారు. ఆ పందేలను క్రమంలో పెట్టడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ తర్వాత మ్యూరాక్ సైనిక విమానాశ్రయం కిందికి పోయింది. 1949 నుంచి యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. వారికి అందుబాటులో ఉన్నది చవకగా దొరికే మోడల్ ఏ, దానిలో పెట్టుకోవడానికి 1932లో ఫోర్డు తెచ్చిన వీ8 ఇంజన్. కాబట్టి మీరు చేయబోయేది ఈ కారుకు కొత్తగా చేసే అపచారమేమీ కాదు, దాని చరిత్రలో ఒక భాగమే.


మిషిగన్_చక్రం (మిషిగన్)

కాగితాలు సరిపోయాయనుకుందాం. ఆ తర్వాత నా సలహా ఒక్కటే: ఇంజన్ చివర కొనండి. ఫ్రేము, బ్రేకులు, స్టీరింగు ఈ మూడూ పూర్తయ్యి, కారు నాలుగు చక్రాల మీద నిలబడి, చేత్తో తోస్తే నేరుగా వెళ్లి పెడలు తొక్కితే ఆగినప్పుడు మాత్రమే ఇంజన్ సంగతి ఎత్తండి. బ్రేకుల తయారీలో ఉద్యోగం చేస్తున్నవాణ్ని కాబట్టి ఈ విషయంలో కాస్త పొడవుగా రాస్తున్నాను.

మోడల్ ఏ కారు 40 హార్స్‌పవర్ ఇచ్చే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు తగ్గట్టు పుట్టింది. పెడలు తొక్కితే ఇనుప కడ్డీలు లాగి నాలుగు డ్రమ్ముల్లో షూలు పట్టించే ఏర్పాటు దానిది. బ్రేకు నూనె అన్నదే లేదు. ఫోర్డు కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చింది 1939లో. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగింతలవుతుంది. టెక్సాస్ హైవేల మీద చుట్టూ ఉన్న బళ్లన్నీ 75 మైళ్ల వేగంతో పోతుంటే, ఆ కడ్డీల బ్రేకులతో శక్తిమంతమైన వీ8 నడపడం ఎవరికీ తగదు.

సంప్రదాయం చెడకుండా దీనికి పాతకాలం దారే ఉంది. 1939 నుంచి 1948 వరకు వచ్చిన ఫోర్డు హైడ్రాలిక్ డ్రమ్ములను తగిన స్పిండిళ్లతో (చక్రం తిరిగే ఇరుసు ముక్కలతో) ఈ ముందు యాక్సిల్‌కు అమర్చుకోవచ్చు. 1928 నుంచి 1935 దాకా, మళ్లీ 1940 నుంచి 1948 దాకా ఫోర్డు కార్ల చక్రాల బోల్టుల కొలత ఒకటే, అయిదున్నర అంగుళాల వలయం మీద అయిదు బోల్టులు, కాబట్టి 1940 తర్వాతి డ్రమ్ములైతే చక్రాలు మార్చనక్కరలేదు. రూపం ఎలా ఉన్నా ఫరవాలేదనుకుంటే ముందు డిస్కులు పెట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం, పెడలు తొక్కితే బ్రేకు నూనెను లైనుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ ఎత్తు. ఈ కార్లలో దాన్ని కాళ్ల కింద ఫ్రేముకు బిగిస్తారు. అక్కడ అది చక్రాల దగ్గర డిస్కులను పట్టే కాలిపర్ల కంటే కింద ఉంటుంది. కారు నిలిపి ఉంచినప్పుడు నూనె మెల్లమెల్లగా వెనక్కు జారి, మరుసటి రోజు మొదటి తొక్కుకు పెడలు నేలకు దిగిపోతుంది. ఎయిర్ ఉందేమోనని ఎన్నిసార్లు తీసినా ఆ జబ్బు పోదు. లైనులో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు పెట్టాలి: డిస్కుల లైనుకు 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డ్రమ్ముల లైనుకు 10 పీఎస్ఐ. ఇవి తారుమారు కాకూడదు. 10 పీఎస్ఐ వాల్వు డిస్కుల వైపు పడితే ప్యాడ్లు ఎప్పుడూ పట్టుకునే ఉండి కాగిపోతాయి. కొన్ని మాస్టర్ సిలిండర్లలో డ్రమ్ముల వాల్వు లోపలే ఉంటుంది. అలాంటప్పుడు బయట మరొకటి పెట్టకూడదు. ఒక లైను పోయినా రెండోది పనిచేసేలా రెండు గదుల మాస్టర్ సిలిండరే వాడండి. పైపుల కొనలు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే రెండు మడతలుగా గరాటులా విప్పాలి. నీళ్ల పైపులకు వాడే కంప్రెషన్ ఫిట్టింగులు బ్రేకు లైనులో ఎక్కడా ఉండకూడదు.

స్టీరింగు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే వీ ఆకారపు కడ్డీని విడదీసి రెండు వైపులా ఫ్రేముకు బిగించడం పాత అలవాటు. ఫోర్డు వారి కమ్మరిపనితో సాగగొట్టిన ఐ ఆకారపు యాక్సిల్‌కు అది నడుస్తుంది, ఎందుకంటే ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఆ యాక్సిల్ కాస్త మెలితిరగగలదు. గొట్టం యాక్సిల్ మెలితిరగదు. దానికి ఇలా బిగిస్తే ఆ ఒత్తిడంతా బ్రాకెట్ల మీద పడి అవి పగులుతాయి. గొట్టం యాక్సిల్ వాడేటట్టయితే నాలుగు కడ్డీల ఏర్పాటు తప్పనిసరి. స్టీరింగు బాక్సు నుంచి కడ్డీ అడ్డంగా ఎదుటి చక్రానికి పోయే పద్ధతి ఎంచుకుంటే, అడ్డ కమాను (స్ప్రింగు) మీద కూర్చున్న యాక్సిల్ పక్కలకు ఊగకుండా ఒక పాన్‌హార్డ్ కడ్డీ కూడా పెట్టండి. చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన మేకు, అంటే కింగ్‌పిన్ను, వెనక్కు వాలే కోణం, అంటే క్యాస్టరు, 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే కారు నేరుగా నడుస్తుంది.


ఫ్రిస్కో_కృష్ణాతీరం (టెక్సాస్)

మిషిగన్ గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. వరుస మార్చుకుంటున్నాను, ఇంజన్ మాట పక్కన పెట్టేశాను. గ్యారేజీ గురించి కూడా అడగాలి. 2012లో కట్టిన ఇల్లు, గ్యారేజీ మూలన గ్యాసు వాటర్ హీటరు ఉంది. కరెంటు కారు కోసం పెట్టించిన 240 వోల్టుల 50 ఆంపియర్ల ప్లగ్గు ఉంది, దానికే వెల్డింగ్ యంత్రం తగిలించవచ్చునా? కారును ఎత్తడానికి రెండు స్తంభాల లిఫ్టు నేలకు బోల్టులు వేసి బిగించాలని కూడా ఉంది.


ఒహాయో_పాతకారు (ఒహాయో)

ప్లగ్గు సరిపోతుంది. గృహావసరాలకు అమ్మే 240 వోల్టుల మిగ్ (తీగ తనంతట తానే అందే వెల్డింగ్) యంత్రాలకు అంత కరెంటు అక్కరలేదు. ప్లగ్గు ఆకారం కలవకపోతే తగిన తీగతో చేసిన అడాప్టరు కొనండి, ప్లగ్గు కోసి మార్చకండి. కారు చార్జింగూ వెల్డింగూ ఒకే వేళ పెట్టుకోకండి.

లిఫ్టు విషయంలో ఆగండి. డాలస్ చుట్టుపక్కల ఇళ్లకు చాలావాటికి లోపల ఉక్కు తీగలను బిగించి లాగిన కాంక్రీటు పునాది ఉంటుంది. అక్కడి నల్ల బంకమట్టి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి అలా కడతారు. గ్యారేజీ గోడ మీదో నేల మీదో ఆ సంగతి హెచ్చరించే ముద్ర ఉందేమో చూడండి. ఆ తీగ మీద డ్రిల్లు పడితే అది తెగి విసురుగా బయటికి రావచ్చు, పునాదీ దెబ్బతింటుంది. తీగలు ఎక్కడున్నాయో పరికరంతో గుర్తించి, నేల మందం కూడా తెలుసుకోకుండా ఒక్క రంధ్రం కూడా వేయకండి. మోడల్ ఏ తేలికైన కారు. నాలుగు మంచి జాకీ స్టాండ్లు, చక్రాల మీద కదిలే ఇంజన్ క్రేన్ ఉంటే ఈ పనికి లిఫ్టు లేకపోయినా లోటు లేదు.

వాటర్ హీటరు గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. అందుకే గ్యారేజీలో హీటరు మంట నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలని నిబంధన. మోడల్ ఏ కారులో పెట్రోలు ట్యాంకు అద్దం కింద, డ్రైవరు మోకాళ్ల ముందే ఉంటుంది. పంపు లేకుండా పెట్రోలు తనంతట తానే కార్బురేటరుకు దిగేలా చేసిన ఏర్పాటు అది. ఎంతకాలం నుంచి ఎండిందని చెప్పినా ఆ ట్యాంకు ఖాళీ అని నమ్మకండి. గ్యారేజీ లోపలికి తేకముందే ఆరుబయట మూత తీసి, పూర్తిగా ఒంపి, కడిగించండి. ట్యాంకు మీద గానీ దాని పక్కన గానీ వెల్డింగ్ మాట తలపెట్టవద్దు.


జెర్సీ_డాక్టరు (న్యూజెర్సీ)

నేను కార్లు కట్టేవాణ్ని కాదు. ఊపిరితిత్తుల వైద్యుణ్ని, పాత కార్ల మీద ఇష్టంతో ఇక్కడ చదువుతుంటాను. మీరంతా రేకు, ఇనుము గురించి మాట్లాడుతున్నారు, దయచేసి ఊపిరి గురించి కూడా ఆలోచించండి.

బ్రేకు భాగాలు శుభ్రం చేసే స్ప్రేలలో క్లోరిన్ ఉన్న రకం ఒకటి ఉంటుంది. దానితో తుడిచిన చోట తడి పూర్తిగా ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్ది మోతాదు కూడా ప్రాణాంతకం కావచ్చు. పైగా దాని దెబ్బ చాలాసార్లు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు, కాబట్టి అప్పటికి బాగానే ఉంది కదా అని ఇంట్లో పడుకోవడం మరీ ప్రమాదం. క్లోరిన్ లేని రకాన్నే కొనండి, వెల్డింగ్ చేసేచోట అదీ వాడకండి. జింకు పూత ఉన్న రేకును గ్రైండరుతో పూత తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటుందనే అనుకోండి, గాలితో ఊదకండి, తడిపి తుడవండి. పాత అతుకుల్లో సీసం ఉండవచ్చు. దాన్ని ఇసుక కాగితంతో రుద్దిన దుమ్ము బట్టలకు అంటుకుని ఇంట్లో పిల్లల దాకా వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది రంగు. ఇప్పటి రెండు పాళ్ల యూరెథేన్ రంగుల్లో, పై మెరుగులో గట్టిదనం కోసం ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఒకసారి శరీరానికి పడకుండా పోతే తర్వాత ఏ కొంచెం సోకినా ఉబ్బసం తిరగబెడుతుంది, అది జీవితాంతం వెంటాడవచ్చు. దుకాణంలో దొరికే గుళికల మాస్కు మీద ఆధారపడకండి. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందే మాస్కు, చర్మం కప్పే దుస్తులు, గాలి పోయే ఏర్పాటు ఉంటే తప్ప ఆ రంగు కొట్టకూడదు. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో ఆ పని అసలు వద్దని నా గట్టి అభిప్రాయం. ప్రైమరు దాకా మీరు చేసుకుని, పై రంగు మాత్రం బూత్ ఉన్నవారి చేత కొట్టించండి.


భాగ్యనగర్_జీపు (హైదరాబాద్)

పెద్దలకు నమస్కారం. మా తాతగారు వాడిన విల్లీస్ జీపు హైదరాబాద్‌లో మా ఇంటి వెనుక ఉంది. మిషిగన్ గారు చెప్పిన అయిదు బోల్టులు, అయిదున్నర అంగుళాలు అన్న కొలత చదివి వెంటనే వెళ్లి కొలిచి చూశాను. ఆ జీపు చక్రాలకూ అదే కొలత.

ఇక్కడి పరిస్థితి తెలియని వారి కోసం రెండు మాటలు. భారతదేశంలో మీరు చెప్పినట్టు కారును కోసి మార్చే అవకాశం చట్టప్రకారం దాదాపు లేదు. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయపరిచింది. 2021లో పాతకాలపు వాహనాల కోసం కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేమీ జరగకుండా అసలు రూపంలో ఉన్న వాటికి వీఏ అన్న అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు కోసమూ మరమ్మతు కోసమూ నడపవచ్చు గానీ రోజువారీ వాడకం కుదరదు. కాబట్టి నా జీపును నేను యథాస్థితికే తెస్తాను. మీ చర్చలో నాకు పనికొచ్చేది తుప్పు వదిలించడం, రేకు అతకడం. అవి కాస్త వివరంగా చెప్పగలరా?


శాక్రమెంటో_వెల్డర్ (కాలిఫోర్నియా)

సంతోషంగా చెబుతాను, తమ్ముడూ. చిన్న భాగాలకు విద్యుత్తుతో తుప్పు వదిలించడం మంచి పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు మైనసు తీగకూ, పనికిరాని ఇనుప ముక్కను ప్లసు తీగకూ తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ప్లసు వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె గానీ గరిటె గానీ ఎప్పుడూ పెట్టకండి, దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలో కలుస్తుంది. మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి, తీగలు తీసే ముందు చార్జరు ఆపాలి. నల్లటి మసి పేరుకున్న భాగాన్ని బ్రష్షుతో కడిగి వెంటనే ఆరబెట్టి ప్రైమరు వేయండి. ఒక్క రాత్రి వదిలేసినా మళ్లీ ఎర్రబారుతుంది.

రేకు పని ఓపికతో కూడినది. ఫ్రిస్కో గారి తలుపు అడుగునే తీసుకుందాం. తుప్పు కనబడినంత మేరే కోసి ఆగితే చాలదు. గట్టి రేకు తగిలేదాకా కోయాలి. కొత్త ముక్కను అట్ట మీద గీసుకుని, అదే మందం రేకులో కత్తిరించి, రెండు అంచుల మధ్య వెంట్రుకవాసి సందుతో అమర్చాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికితే మధ్యలో నీరు చేరి మళ్లీ తుప్పు పుడుతుంది. 0.023 అంగుళాల తీగ, మూడు పాళ్లు ఆర్గాన్ ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు వాడండి. ఒక చుక్క ఇక్కడ వేస్తే, తర్వాతి చుక్క అర అడుగు అవతల వేయాలి. వేసిన ప్రతి చుక్కా చేయి పెట్టగలిగేంత చల్లారాకే దాని పక్క చుక్క వేయాలి. తొందరపడి వరుసగా గీత లాగితే రేకు వేడికి సాగి, చల్లారేటప్పుడు ముడుచుకుని, తలుపు మొత్తం అలలు పడుతుంది. అతుకు చదును చేసేటప్పుడు కూడా గ్రైండరు ఒకేచోట నిలిపితే ఇదే జరుగుతుంది. ఆ తర్వాత శుభ్రమైన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పలచగా పుట్టీ. నేరుగా రేకు మీద పుట్టీ పట్టిస్తే కింద తేమ చేరే ప్రమాదం ఉంది.

ఫ్రేముకు కూడా ఈ సూత్రమే. మోడల్ ఏ ఫ్రేము పలుచని సీ ఆకారపు రైలు. వీ8 ఇంజన్ మెలిపెడితే అది ఊగుతుంది. తెరిచి ఉన్న వైపు ఎనిమిదో వంతు అంగుళం పలకతో మూసి పెట్టెలా చేయాలి. ముందు ఫ్రేమును చదునైన బల్లకు బిగించి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచి రాసుకోండి. ఒక అంగుళం ఎడమ రైలు మీద, ఒక అంగుళం కుడి రైలు మీద మార్చి మార్చి వెల్డింగ్ చేస్తూ, మధ్యమధ్య కర్ణాలు మళ్లీ కొలవండి. ఒహాయో గారు చెప్పిన నంబరు దరిదాపుల్లో మాత్రం నిప్పు పడనివ్వకండి.


ఒహాయో_పాతకారు (ఒహాయో)

ఇంజన్ ప్రశ్న వాయిదా వేశారు గానీ ఎంపికకు కావలసిన విషయాలు ఇప్పుడే చెప్పి ఉంచుతాను, మనసులో మెదులుతూ ఉంటే మంచిది. నా మొగ్గు ఫ్లాట్‌హెడ్ వైపే. 1932లో 221 ఘనపుటంగుళాలతో, 65 హార్స్‌పవర్‌తో మొదలైన ఆ ఇంజన్ అమెరికాలో 1953 మోడళ్ల దాకా కొనసాగింది. ఆ శబ్దం వేరే ఏ ఇంజన్‌కూ రాదు. బానెట్ పక్కలు తీసేసి నడిపే కారులో, ఆ ఇంజన్ కనబడటమే అందం.

దాని బలహీనతలు దాచను. పొగ బయటికి పోయే దారులు సిలిండరు దిమ్మ గుండానే వెళతాయి, పైగా ప్రతి వైపూ మధ్యలో ఉన్న రెండు సిలిండర్లు ఒకే దారిలో పొగ వదులుతాయి. ఆ వేడంతా నీళ్లలోకే దిగుతుంది కాబట్టి కాగిపోయే గుణం దీనికి పుట్టుకతోనే ఉంది. పాత దిమ్మల్లో వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్య పగుళ్లు మామూలు. కొనేముందు విప్పి, అయస్కాంతపు పొడి పరీక్ష చేయించకుండా డబ్బు ఇవ్వకండి. నీటిదారుల్లో ఇన్నేళ్లుగా పేరుకున్న తుప్పూ పోత ఇసుకా ఎంత ఓపికగా గీకి తీస్తే అంత చల్లగా నడుస్తుంది. రెండు వైపులా రెండు నీటి పంపులు ఉంటాయి, రెండూ బాగుండాలి. పాత రేడియేటరును నమ్ముకోకండి.


శాక్రమెంటో_వెల్డర్ (కాలిఫోర్నియా)

ఒహాయో గారంటే గౌరవమే గానీ ఇక్కడ నేను ఏకీభవించలేను. ఫ్రిస్కోలో ఆగస్టు ఎండకు ట్రాఫిక్‌లో నిలబడవలసిన కారు ఇది. వారాంతానికి పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీము దుకాణానికి వెళ్లి రావాలనుకునేవారికి షెవర్లే 350 చాలా మనశ్శాంతి తెచ్చిపెడుతుంది. 1967లో వచ్చిన ఆ ఇంజన్ భాగాలు ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతాయి. ఒక్క చిక్కు ఉంది: దాని డిస్ట్రిబ్యూటరు వెనుక వైపు ఉంటుంది, మోడల్ ఏ ముందుభాగం పొట్టిది, కాబట్టి ఇంజన్‌కూ డ్రైవరుకూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌లో గూడు కోయక తప్పదు. ఫోర్డు కారులో ఫోర్డు ఇంజనే ఉండాలనుకుంటే ఫోర్డు వారి 302 వీ8 చూడండి, దానికి డిస్ట్రిబ్యూటరు ముందుంటుంది. వెనుక యాక్సిల్‌గా 1970ల ఫోర్డు మావరిక్‌లోని 8 అంగుళాలది మోడల్ ఏ వెడల్పుకు బాగా కుదురుతుంది.


ఫ్రిస్కో_కృష్ణాతీరం (టెక్సాస్)

ఓక్లహోమా వెళ్లి వచ్చాను. బాడీ ఎడమవైపు ఎత్తి చూశాం, నక్షత్రాల మధ్య నంబరు స్పష్టంగా కనిపించింది, పత్రంతో అంకెకు అంకె సరిపోయింది. కారు ఇంటికి వచ్చింది. ట్యాంకు అక్కడే ఆరుబయట ఒంపించి కడిగించాం. నల్లటి జిగురు చాలానే వచ్చింది. గ్యారేజీ నేల మీద ఉక్కు తీగల హెచ్చరిక ముద్ర ఉంది, అందుకే లిఫ్టు ఆలోచన మానుకున్నాను. డాక్టరు గారూ, పై రంగు బయటే వేయిస్తాను, మాట ఇస్తున్నాను.

ముందు ఐ ఆకారపు యాక్సిలే ఉంది, వంపు లేదు. 1940ల నాటి హైడ్రాలిక్ డ్రమ్ముల జత ఒకటి పక్క ఊళ్లో దొరికింది. ఇంజన్ విషయంలో ఒహాయో గారి ఫ్లాట్‌హెడ్ మీదే మనసు ఉంది గానీ, ముందు కారు ఆగడం నేర్చుకున్నాకే ఆ వైపు చూస్తాను. మిషిగన్ గారూ, నాలుగు వైపులా డ్రమ్ములే అయితే 10 పీఎస్ఐ వాల్వులు రెండు కావాలి కదా? పెడలు ఎలా అమర్చాలి?


మిషిగన్_చక్రం (మిషిగన్)

అవును, ముందు లైనుకొకటి, వెనుక లైనుకొకటి, మీ మాస్టర్ సిలిండరులో అవి లోపలే లేవని నిర్ధారించుకున్నాకే. వాల్వులను మాస్టర్ సిలిండరు దగ్గరగానే పెట్టండి. తొక్కుడుకు బలం చేర్చే బూస్టరు లేని కారు కాబట్టి పెడలు నిష్పత్తి ఆరుకు ఒకటి చొప్పున ఉంచండి: ఇరుసు నుంచి పాదం పెట్టే చోటికి 12 అంగుళాలుంటే, ఇరుసు నుంచి సిలిండరు కడ్డీకి 2 అంగుళాలు. పెడలు వదిలినప్పుడు కడ్డీకి పిస్టనుకూ మధ్య కొద్దిపాటి వదులు ఉండాలి, లేకపోతే నూనె వెనక్కు చేరే రంధ్రం మూసుకుపోయి బ్రేకులు తమంతట తామే పట్టేస్తాయి. నేల రేకులో మూత ఒకటి కోసి పెట్టండి, నూనె చూసుకోవడానికి ప్రతిసారీ కారు కింద దూరనక్కరలేదు.

పాత డ్రమ్ములు కదా, లోపలి వ్యాసం కొలిపించండి. ఎన్నోసార్లు లేతు పట్టి పలుచబడినవి బయటికి బాగానే కనిపిస్తాయి, కానీ కాగితే సాగి పెడలు లోతుకు దిగుతుంది. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మాత్రం కొత్తవే వేయండి. స్పిండిలు నట్లకూ స్టీరింగు కీళ్లకూ ఊడిపోకుండా కాటరు పిన్నులు వేసిన వెంటనే ఒక్కొక్కదాని మీద పసుపు రంగు చుక్క పెట్టండి. చుక్క లేనిది ఏదైనా కంటపడితే ఆ పని ఇంకా పూర్తి కాలేదన్నమాట. ఫ్రేము కర్ణాల కొలతలు రాగానే ఇక్కడ పెట్టండి, క్యాస్టరు బ్రాకెట్లు ఎక్కడ వేయాలో లెక్క వేసి చెబుతాను.